సగం మందికే పాఠం

ఉద్యోగం చేసుకుంటూ పీహెచ్‌డీ చేద్దామనుకునే టీచర్లు ఈ మధ్య మా ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. మా ఇల్లు అరసవల్లిలో. దేవుడి దర్శనం ఎలాగూ ఉంటుంది, ఆటో కూడా ఒకటే, పనిలో పనిగా రిటైరైన సత్యవతి మేడంని కూడా చూసి పోదామనుకుంటారు. నేను ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేశానని ఎవరో చెప్పి పంపుతారు. వచ్చినవాళ్ళు చెప్పులు విడుస్తూ గోడ మీద నేమ్‌ప్లేటు చూస్తారు. పేరు ముందు 'డాక్టర్' కనబడదు. ఇల్లు తప్పామేమోనని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

"ఇదే ఇల్లు, రండి. పీహెచ్‌డీ చేశాను, రాలేదు" అంటాను.

కూర్చుంటారు. కాఫీ తాగుతారు. ఎందుకు రాలేదని అడిగితే బాగుండదని అడగరు. గైడు ఎలా దొరుకుతాడు, సెలవు ఎలా దొరుకుతుంది, థీసిస్ ఎవరు టైపు చేసిపెడతారు, ఇవి మాత్రం వివరంగా అడుగుతారు. పిల్లల గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. పాఠం చెప్పే మనిషి పాఠం చెప్పడం గురించే పెద్ద చదువు చదువుతూ, అందులో పిల్లల మాటే ఎత్తకపోవడం మొదట్లో నాకు వింతగా ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది.

అందుకని వాళ్ళు అడగని సంగతి ఇక్కడ రాస్తున్నాను. నేను వెలగబెట్టిన ఉద్యోగం పెద్దదేమీ కాదు. విజయనగరం జిల్లాలో తెలుగు టీచరుగా చేరి, శ్రీకాకుళం జిల్లాలో తెలుగు టీచరుగానే దిగిపోయాను. మధ్యలో పరిశోధన అనే రోగం పట్టుకుంది. దాని లక్షణాలు తెలిస్తే కొత్తవాళ్ళకు ఉపయోగం.

గజపతినగరంలో సంతృప్తి

మొదట ఎం.ఇడి. చేశాను. అప్పుడు గజపతినగరం దగ్గర ఒక హైస్కూల్లో పని. సెలవు చీటీ పట్టుకుని హెడ్‌మాస్టారి దగ్గరికి వెళితే ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నన్ను తేరిపార చూశారు.

"సదువుకోమ్మా, నానొద్దనను. గాని సదివొచ్చి నాకు సెప్పకు" అన్నారు. "ఇదివరకు ఒకాయన ఇలాగే సదివొచ్చినాడు. వచ్చిన కాణ్ణించి బోర్డు తుడవడం మానీసినాడు."

వేసవిలో కాంటాక్టు క్లాసులు పెట్టేవారు. రేకుల షెడ్డు, కదలని ఫ్యాను. పిల్లల్ని బొమ్మల్లా కూర్చోబెట్టి ఉపన్యాసం చెప్పకూడదు అనే విషయం మీద ఒక లెక్చరరు పొద్దున్న మొదలుపెట్టి భోజనాల వేళదాకా ఉపన్యాసం చెప్పాడు. మేమంతా బొమ్మల్లా కూర్చుని రాసుకున్నాం. ప్రశ్న అడిగే స్వభావాన్ని ప్రోత్సహించాలని ఆయన చెబుతున్నప్పుడు పార్వతీపురం నుంచి వచ్చిన ఒక మాస్టారు లేచి ప్రశ్న అడిగాడు. "సిలబస్ అవ్వదు, కూర్చోండి" అన్నాడు లెక్చరరు. ఆ ఏడాది మొత్తంలో నాకు బాగా అర్థమైన పాఠం అదొక్కటే.

చివర్లో ఒక చిన్న పరిశోధన చేసి పుస్తకం సమర్పించాలి. అందరికీ ఇచ్చినట్టే నాకూ 'ఉపాధ్యాయుల వృత్తి సంతృప్తి' అనే అంశం ఇచ్చారు. ఉద్యోగంలో తృప్తిగా ఉన్నారా లేదా అని టీచర్లను కాగితం మీద ప్రశ్నలు అడిగి, జవాబులు కూడి, భాగించి, ఏదో ఒకటి తేల్చాలి. ఒక్కో వాక్యానికీ ఎదురుగా 'పూర్తిగా ఏకీభవిస్తాను' నుంచి 'అసలు ఏకీభవించను' వరకు గళ్ళు ఉంటాయి. నచ్చిన గడిలో టిక్కు పెట్టాలి.

ఆ కాగితాలు మా బడిలోనూ, చుట్టుపక్కల బళ్ళలోనూ పంచాను. మావాళ్ళకు నా మీద ప్రేమ ఎక్కువ. మన సత్యవతమ్మ పాసవ్వాలి అనుకుని స్టాఫ్ రూంలో అందరూ ఒకచోట కూర్చున్నారు. ఒకాయన చదువుతుంటే అందరూ కలిసికట్టుగా 'పూర్తిగా ఏకీభవిస్తాను' మీద టిక్కులు కొట్టేశారు. పక్క బళ్ళకు కూడా అలాగే కొట్టమని కబురు పంపారు. 'ఈ ఉద్యోగంలో నాకు పూర్తి తృప్తి ఉంది' అనే వాక్యానికి టిక్కు. 'ఈ ఉద్యోగం వదిలి ఎక్కడికైనా పారిపోవాలని ఉంది' అనే వాక్యానికీ టిక్కు.

నేను నెత్తిన చెయ్యి పెట్టుకుని ఆ కాగితాలు హెడ్‌మాస్టారికి చూపించాను. ఆయన ఓపిగ్గా చదివారు.

"ఇందులో తప్పేటున్నాదమ్మా? నాకు రెండూ నిజవే" అన్నారు.

తిరగరాయించే వ్యవధి లేదు. ఉన్నది ఉన్నట్టు లెక్కగట్టి ఇచ్చాను. విజయనగరం జిల్లా ఉపాధ్యాయులు అత్యంత సంతృప్తిగా ఉన్నారనీ, అదే సమయంలో మూకుమ్మడిగా పారిపోవాలనుకుంటున్నారనీ నా పరిశోధన తేల్చింది. దానికి ఫస్ట్ క్లాసు వచ్చింది. మౌఖిక పరీక్షలో నన్ను అడిగింది అట్ట రంగు గురించి. నీలం వేయాల్సింది ఆకుపచ్చ వేశానట.

గైడు దొరికిన విధం

తర్వాత చాలా ఏళ్ళకు బదిలీ మీద భావనపాడు దగ్గర సముద్రం ఒడ్డు ఊరికి వచ్చాను. ఊరి పేరు చెప్పను, అందరూ బతికే ఉన్నారు. వారమంతా టెక్కలిలో అద్దె గది, శనివారం బడి వదిలాక అరసవల్లి. సరిగ్గా తల నెరిసిన ఆ వయసులో నాకు పీహెచ్‌డీ చేయాలని బుద్ధి పుట్టింది. "మనవల్నెత్తుకునే ఈడులో నీకు సదువేటే అమ్మా" అని మా అత్తగారు బుగ్గ నొక్కుకున్నారు. చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత ఊరికే పుట్టలేదు.

గైడు కోసం ఒక ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్ళాను. నా అంశం గురించి వారం రోజులు కూర్చుని రాసుకున్న కాగితాలు చేతిలో ఉన్నాయి. ఆయన వాటివైపు చూడలేదు.

"ఎక్కడుంటారమ్మా?"

"అరసవల్లి అండి."

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న మనిషి నిటారుగా కూర్చున్నారు. "గుడికి ఎంత దూరం?"

"నడిచి వెళ్ళేంత దూరమే సార్."

"మీ టాపిక్ చాలా బాగుందమ్మా" అన్నారు. టాపిక్ ఏమిటో నేనింకా చెప్పలేదు.

ఆ రోజు నుంచి గైడుగారి బంధువులంతా సూర్యభక్తులైపోయారు. ఆదివారం వస్తే చాలు, ఒక కారు మా సందులో ఆగేది. వారికి క్యూలో చోటు పట్టడం, కొబ్బరికాయలు కొనడం, టిఫిన్లు పెట్టడం, ప్రసాదం కట్టి సాగనంపడం. రథసప్తమికైతే తెల్లారకముందే క్యూలో నిలబడి, ఆయన వియ్యపురాలు తలంటుకుని వచ్చేదాకా ముందువాళ్ళతోనూ వెనకవాళ్ళతోనూ తగువులాడాను. పరిశోధకుడికి ఓపిక ముఖ్యం అని మెథడాలజీ పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది. దాన్ని నేను గుడి ముందు అభ్యసించాను.

నేనొక్కదాన్నే కాదు. ఎవరి ఊరిని బట్టి వారికి సేవ ఉండేది. పలాస నుంచి వచ్చే స్కాలరుది జీడిపప్పు శాఖ. విజయనగరం స్కాలరుది విద్యుత్ శాఖ, అంటే గైడుగారి ఇంటి కరెంటు బిల్లు కట్టడం. నాది దేవాదాయ శాఖ.

గైడుగారు చెడ్డవాడని నేను అనను. ఆయనా ఒకప్పుడు బళ్ళో పాఠాలు చెప్పి పైకి వచ్చినవాడే. తన గైడు ఇంటికి బియ్యం బస్తా మోసిన సంగతి నవ్వుతూ చెప్పేవాడు. అత్త పెట్టిన ఆరళ్ళు మరిచిపోని కోడలే తన కోడలికి రెట్టింపు పెడుతుందంటారు, యూనివర్సిటీలో కూడా అదే ఆచారం. మీకు దొరికే గైడు అంతకంటే మంచివాడైతే సంతోషం. దొరక్కపోతే మాత్రం ఇంటి అడ్రసు కాస్త జాగ్రత్తగా చెప్పండి.

కిటికీ దగ్గర కంట్రోల్ గ్రూపు

నా అంశం నిజంగా నాకు కావలసిన అంశమే. సముద్రం ఒడ్డు బళ్ళో ఆరో తరగతికి వచ్చిన పిల్లల్లో చాలామందికి చదవడం రాదు. అక్షరాలు వచ్చు, పదం రాదు. పుస్తకం చేతికిస్తే బిక్కమొహం వేస్తారు. బయటికెళితే అవే పిల్లలు గాలి ఎటు తిరిగిందో, ఎవరి తెప్ప ఎందుకు ఆలస్యమైందో గుక్క తిప్పుకోకుండా చెబుతారు. వాళ్ళు చెప్పే కబుర్లు వాళ్ళ మాటల్లోనే బోర్డు మీద రాసి, ఎవరు చెప్పింది వాళ్ళచేత చదివించడం నేను మొదలుపెట్టాను. నిన్న తన నాన్న వలలో ఏం పడిందో గోడ మీద కనబడితే ఏ పిల్లైనా చదవకుండా ఉండలేదు. అలా మాట పట్టుబడ్డాక నెమ్మదిగా పాఠ్యపుస్తకం తెరిచేవాళ్ళం. ఈ పద్ధతి పనిచేస్తుందని నాకు అనిపించేది. అనిపించడం కాదు, నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చుకోవాలని నా ఆశ.

గైడుగారు విని తల పంకించారు. "మంచిదే. ఆరో తరగతిని చీట్లు వేసి రెండు సగాలు చెయ్యండి. ఒక సగానికి మీ పద్ధతిలో రోజూ ఒక గంట చెప్పండి. అది ప్రయోగ బృందం. రెండో సగానికి ఆ గంట చెప్పకండి. అది కంట్రోల్ గ్రూపు. ఏడాది చివర ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టండి. తేడా వస్తే మీ పద్ధతి గొప్పది."

"రెండో సగానికి ఏం చెప్పమంటారు సార్?"

"ఏమీ చెప్పొద్దు. అదే కదా కంట్రోలు."

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఈ పద్ధతిని తప్పు పట్టేంత మూర్ఖురాలిని కాను. పోల్చి చూడకపోతే మన గొప్ప మనకు గొప్పగానే కనబడుతుంది. పెద్ద పెద్ద చోట్ల, రెండో గుంపుకి తర్వాతైనా పాఠం అందేలా ఏర్పాటు చేసి ఇలాంటి పరీక్షలు చేస్తారని విన్నాను. మాకు అలాంటి ఏర్పాటేమీ లేదు. ఆ పిల్లలకు ఉన్నది అదొక్క ఏడాది, ఆ బడికి ఉన్న తెలుగు టీచరును నేనొక్కదాన్ని.

చీట్లు వేశాం. రోజూ ఆ గంట వచ్చేసరికి సగం మంది లోపల, సగం మంది వరండాలో. వరండావాళ్ళు ఎక్కాలు రాసుకోవాలి. రెండు రోజులు రాశారు. మూడో రోజుకి కిటికీ నిండా తలకాయలు. అందులో ముందుండే తల గంగది. ఊళ్ళో చేపలమ్మే ఎర్రమ్మ కూతురు, సన్నగా పీలగా ఉంటుంది, గడ్డం కిటికీ గట్టు మీద ఆనించి లోపలి బోర్డును మింగేసేలా చూసేది. లోపలివాళ్ళు ఎక్కడైనా తడబడితే బయటి నుంచి అందించేది. నేను అటు చూస్తే తల కిందికి దించేసేది.

ఒకరోజు గైడుగారు తనిఖీకి వచ్చారు. కిటికీని చూసి అదిరిపడ్డారు. "ఇదేంటమ్మా, గ్రూపు కలుషితమైపోతోంది. కిటికీ మూయించండి" అన్నారు.

చదువు తగిలితే పిల్లలు కలుషితమవుతారని అప్పుడే తెలిసింది. కిటికీ మూశాం. సముద్రం పక్కన, ఉక్కపోతలో, కరెంటు లేని గదిలో కిటికీ మూస్తే ప్రయోగ బృందం చెమటలు కక్కింది. కంట్రోల్ గ్రూపు తలుపు సందుకి చెవులు ఆనించింది. గైడుగారు బీచి చూసుకుని, చేపలు కట్టించుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు ఎర్రమ్మ వచ్చింది. చేపలమ్మి అటునుంచి అటే వచ్చినట్టుంది, గంప కింద పెట్టి వరండాలో నిలబడింది.

"మేడంగోరూ, మా గుంట ఏటి తప్పు సేసినాది?"

"తప్పేమీ చేయలేదమ్మా."

"మరేల బయట కూకోబెడతన్నారు? మా పక్కింటి సూరమ్మ కూతురు పేపరు సదవేస్తన్నాది. ఇది ఇంటికొచ్చి ఏడస్తన్నాది. మీకు మేం ఏటైనా లోటు సేసేమా?"

ఇది శిక్ష కాదనీ, చీటీలో అలా వచ్చిందనీ, సగం మందికి చెప్పి సగం మందికి చెప్పకపోతేనే ఈ పద్ధతి మంచిదో కాదో తెలుస్తుందనీ, అది తెలిస్తే ముందు ముందు ఎన్నో బళ్ళకు మేలు అనీ నాకు చేతనైనట్టు చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"మీ పరీచ్చ అయ్యేసరికి దీని ఏడాది అయిపోద్ది. ఆ ఏడు మల్లీ ఎవులిస్తారు మేడంగోరూ?"

ఆ తర్వాత ఆమె గొంతు పెద్దది చేసింది. ఊళ్ళో సగం మందికి కూడు పెట్టి సగం మందిని చూస్తూ కూర్చోమంటే ఒప్పుకుంటారా అంది, కూతురికి ఈ బడి మాన్పించేస్తానంది, ఇంకా చాలా అంది. నాకు కోపం రాలేదు. సిగ్గు వేసింది. ఆ మధ్యాహ్నం తలుపు, కిటికీ రెండూ తీయించి వరండావాళ్ళను లోపలికి పిలిచాను. గంగ ముందు బెంచీ మీద చోటు చేసుకుని కూర్చుంది.

పిలిస్తే ప్రయోగం ఏమవుతుందో నాకు తెలుసు. డిగ్రీకి నీళ్ళు వదులుకోవడానికి సిద్ధపడి పిలిచానని మీరు అనుకోకండి, అంత గొప్పదాన్ని కాను. ఏదో ఒకటి సర్దుకుంటుందిలే అనుకున్నాను.

విజయనగరంలో రెండు పట్టికలు

ఏడాది చివర పరీక్ష పెట్టాం. రెండు సగాలకూ మార్కులు ఇంచుమించు సమానంగా వచ్చాయి. అందరికీ చదవడం వచ్చేసింది. గంగైతే పుస్తకంలోని పాఠాలు చాలక మధ్యాహ్న భోజనం మెనూ బోర్డు కూడా పైకి చదివేది. నేను పొంగిపోయి గైడుగారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన మార్కులు చూసి ముక్కు మీద వేలేసుకున్నారు. "అమ్మా, మీ ప్రయోగం ఫెయిలైంది."

"అందరికీ చదవడం వచ్చింది కదా సార్?"

"అందరికీ రావడమే ఫెయిలవడం. తేడా ఏదీ?"

నేను తలుపు తీసిన సంగతి చెప్పేశాను. ఆయన మార్కుల కాగితం మడిచి పక్కన పెట్టారు. తర్వాత నాకు దారులు చెప్పారు. ఇది ఇలాగే సమర్పిస్తే పరీక్షకుడు తిప్పి కొడతాడు, గ్రూపులు కలిసిపోయాక అది ప్రయోగమే కాదు, ఆ మాట వాస్తవమే. కొత్త పిల్లలతో మళ్ళీ మొదటి నుంచి చేయవచ్చు, ఈసారి తలుపు గట్టిగా వేసుకుని. కానీ నా గడువు అయిపోతోంది, రిటైర్మెంటు కూడా దగ్గర్లో ఉంది. మూడో దారి ఏమిటో ఆయన నోటితో చెప్పలేదు. "విజయనగరంలో బస్సు కాంప్లెక్సు దగ్గర ఒక షాపుంది, వెళ్ళండి. నా పేరు చెప్పండి" అన్నారు.

జెరాక్సు మిషను, రెండు కంప్యూటర్లు, గోడ నిండా బంగారు అక్షరాల అట్టలు. చుట్టుపక్కల జిల్లాల్లో డాక్టరు అయిన టీచర్లలో చాలామంది ఆ షాపులోనే పురుడు పోసుకున్నారు. షాపతను లెక్కల్లో గట్టివాడు, మర్యాదస్తుడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"ఏది కావాల మేడం? తేడా ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నది ఏదో అదే వస్తుంది కదా బాబూ?"

అతను నా అమాయకత్వానికి జాలిపడినట్టు నవ్వాడు. "రెండూ తీసిస్తాను. గైడుగారికి సూపించండి, ఆయన ఏది అంటే అది."

నా కళ్ళ ముందే రెండో పట్టిక తయారైంది. కంట్రోల్ గ్రూపు మార్కులు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి. "మరీ దించేస్తే అనుమానం వస్తాది" అంటూ చెయ్యి తిరిగిన దర్జీలా అక్కడక్కడ వదులుతున్నాడు. ఒకచోట ఆగాడు. "ఈ సి-పద్నాలుగేటి మేడం, ఇంత ఎక్కువొచ్చినాది? దీన్ని బాగా దించాలి."

పిల్లల పేర్లు రాయకూడదు కనుక నంబర్లు ఇచ్చాం. సి-పద్నాలుగు అంటే గంగ. దాని మార్కులు నేను చూస్తుండగానే చదవడం రాని పిల్ల మార్కులు అయిపోయాయి.

రెండు పట్టికలూ గైడుగారి ముందు పెట్టాను. ఆయన రెండోదాని మీద వేలు పెట్టారు. ఈ పిల్ల నా ముందు కూర్చుని చదివింది సార్, రాదని ఎలా రాయను అన్నాను.

"అది పిల్ల కాదమ్మా, నంబరు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి నచ్చజెప్పారు. "మీ పద్ధతి మంచిదని మీకు తెలుసు, నాకు తెలుసు. డిగ్రీ వస్తే మీ మాట పదిమంది వింటారు, పది బళ్ళకు వెళుతుంది. రాకపోతే మీ బీరువాలో ఉంటుంది. మంచి కోసం చిన్న సర్దుబాటు. సోమవారం చెప్పండి."

ఈ మాట కొట్టిపారేయడం మీరు అనుకున్నంత తేలిక కాదు. నాకు ఆ డిగ్రీ కావాలి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మా ఆడపడుచు కూతురి పెళ్ళి శుభలేఖలో నా పేరు ముందు అప్పటికే 'డా.' అని అచ్చేయించేశారు. దాన్ని చూసుకుని నేను మురిసిపోయాను కూడా. ఆదివారమంతా ఆ రెండు పట్టికలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పది బళ్ళు ఒకవైపు, ఒక నంబరు ఒకవైపు అని నాకు నేనే చెప్పుకుని చూశాను. చాలావరకు ఒప్పుకున్నాను కూడా.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక మాట. డిగ్రీ కోసం డిగ్రీ చేస్తే సిగ్గుపడక్కర్లేదు. జీతం కోసమో, పేరు కోసమో చేసుకోండి, సుబ్బరంగా అట్ట మీద బంగారు అక్షరాలు వేయించుకోండి. పిల్లల మేలు కోసం చేస్తున్నామని మాత్రం అనకండి. ఎందుకంటే ఆ మాట అన్నాక మీరు ఏం చేసినా మీకు మంచిగానే కనబడుతుంది. నాకు ఆ ఆదివారం అలాగే కనబడింది.

ఎర్రమ్మ చెప్పిన ఉపాయం

సోమవారం పొద్దున్న ఆటో దిగేసరికి బడి గేటు దగ్గర ఎర్రమ్మ, గంగ నిలబడి ఉన్నారు. మళ్ళీ ఏం గొడవో అనుకున్నాను. కానీ ఆమె గొంతు పెద్దది చేయలేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

"మేడంగోరూ, మా గుంటలొచ్చి లోపల కూకోబట్టి మీ పట్టా పోనాదట గదా."

"ఎవరు చెప్పారమ్మా?"

"ఎడ్మాస్టరుగోరు సెప్పినారు. నానారోజు మీ మీద కేకలేసీసినాను. మీకింత నష్టం వస్తాదని నాకేటి తెల్సు?"

ప్రయోగం పోయిందని స్టాఫ్ రూంలో నేనే నోరు జారాను. అదేమీ లేదని నేను అంటూనే ఉన్నాను. ఆమె వినలేదు. అటూ ఇటూ చూసి నా దగ్గరికి జరిగింది.

"ఒక మాట సెప్తాను, ఏటీ అనుకోకండి. మీ పెద్దాయన మల్లీ వస్తారు గదా. వచ్చి అడిగితే మా గుంట సదవడం రాదనే సెప్తాది. పుస్తకమిస్తే బెల్లం కొట్టిన రాయిలాగ నిల్సుంటాది. బయట కూకున్న మిగతా గుంటలకి కూడా నాను సెప్పేస్తాను. అప్పుడు మీకు పట్టా వస్తాది గదా?"

ఆ షాపతను మౌసుతో చేసిన పనే ఈమె చేసిపెడతానంటోంది. అతను నంబరుకు చేశాడు. ఈమె కన్నకూతురితో, నా మీద జాలిపడి చేయిస్తానంటోంది. కూతురి చదువు కోసం బడి వరండాలో కేకలేసిన మనిషి, ఆ చదువు వల్ల నాకు కష్టం వచ్చిందని దాన్ని దాచిపెట్టమంటోంది. నా పరిశోధన ఒక తల్లిని అక్కడిదాకా తీసుకొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఎదుట తుడుచుకోవడానికి కూడా మొహం చెల్లలేదు.

"నాను సెప్పను" అంది గంగ.

"ఒలే, నోర్ముయ్. మేడంగోరు నీకు సదువు సెప్పినారు."

"సెప్పినారు గదా, నాకొచ్చు. రాదని నానెందుకు సెప్తాను?"

ఎర్రమ్మ చెయ్యెత్తింది. నేను ఆ చెయ్యి పట్టుకుని, పిల్లను లోపలికి పొమ్మన్నాను. ఎర్రమ్మతో పెద్దాయన ఇక రారనీ, ఎవరూ ఏదీ దాచక్కర్లేదనీ చెప్పాను. ఆమె నమ్మీ నమ్మనట్టు గంప ఎత్తుకుని వెళ్ళింది.

బెల్లు కొట్టడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. వరండాలో నిలబడి గైడుగారికి ఫోన్ చేశాను. ఏం నిర్ణయించుకున్నారమ్మా అని అడిగారు. ఆయనతో నేను ఎప్పుడూ పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేదాన్ని. ఆ రోజు మా అమ్మ దగ్గర మాట్లాడినట్టు మాట్లాడాను.

"పిల్లలకి సదవడం వచ్చండి సార్. రాదని నానెందుకు రాస్తాను?"